సద్దిమూటకు టీక, సమ్మతిపత్రానికి తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకుని గంటం పట్టాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే బడి విహారయాత్రకు వ్యాఖ్య కుదరదు. ఆ యాత్రలో మూలం పావువంతు, మిగతాదంతా బస్సు ఆగిన చోట్లు.

హోసూరు, కృష్ణగిరి పక్క తెలుగిళ్ళలో ఈ విషయం మీద రెండు మూలగ్రంథాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి పద్యం, తాతల కాలానిది. కర్త తెలియదు. ఈ వ్యాఖ్యాతే అల్లి తాతల మీద పెట్టాడని గిట్టనివాళ్ళు అంటారు, వాళ్ళ మాటను కొట్టిపారేయడానికి ఆధారమేమీ లేదు. రెండోది గద్యం, మనవరాళ్ళ కాలానిది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సాయంత్రం పూట వెలువడుతుంది. పద్యానికి యతి ఉంది, గద్యానికి గడువు తేదీ ఉంది. నడిమి తరమైన తండ్రులు ఏ గ్రంథమూ రాయలేదు. అప్పుడు ఫ్యాక్టరీ చూసే పనిలో ఉన్నారు, ఇప్పుడు ఫ్యాక్టరీ పనిలో ఉన్నారు.

మూలము (ఆటవెలది)

సద్ది మూట గట్టి చక్కగ బస్సెక్కి
యానకట్ట చూచి యాటలాడి
చీకటైన వేళ జేజికి కథజెప్పు
చిన్నవాని యాత్ర సేతుయాత్ర!

ప్రతిపదార్థము

సద్ది మూట గట్టి = తెల్లవారకముందే కలిపిన చిత్రాన్నమునో, పులుసన్నమునో అరిటాకున చుట్టి, ఆపైన పాతగుడ్డలో ముడివేసి; చక్కగ = ఈ పదము యతి కొఱకు పడినది, బస్సంత చక్కగా ఏమియు లేదని తాతలే ఒప్పుకొందురు; బస్సెక్కి = లారీ యెక్కి అని పల్లెల పాఠాంతరము, ఛందస్సు చెడును గాని చరిత్ర చెడదు; యానకట్ట = కృష్ణగిరి డ్యామును; చూచి = అయివారు చూడుడనినంతసేపు చూచి; ఆటలాడి = అయివారు చూడనంతసేపు ఆడి; చీకటైన వేళ = చెప్పిన వేళకు గాక బస్సు వచ్చిన వేళకు; జేజికి = నాయన తల్లికి (మా పక్క అవ్వ యనుటయే వాడుక, యతి కుదరక జేజి వచ్చినది); కథ జెప్పు = చూచినది చూచినట్లును, చూడనిది అంతకన్న బాగుగను చెప్పునట్టి; చిన్నవాని యాత్ర = బడిపిల్లవాని ప్రయాణము; సేతుయాత్ర = కాశీ రామేశ్వరములు పోయివచ్చుటకు ఏమాత్రమును తీసిపోనిది.

తాత్పర్యము

కృష్ణగిరి డ్యామును 1950ల చివర, కామరాజు ముఖ్యమంత్రిగా ఉండగా కట్టారు. నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హోసూరు పక్కగా దిగివచ్చి కృష్ణగిరి దగ్గర ఆ కట్టకు ఆనుకుంది. తమిళులు దాన్నే తెన్‌పెణ్ణై అంటారు. అంతవరకు మన పిల్లవాడికి నీళ్ళంటే బావి, చెరువు, కపిల తోలే నాయన. వాణ్ణి తీసుకుపోయి వరసగా గేట్లు, కాలవలు చూపించి ‘ఇది మనది’ అన్నారు. మనది అంటే ఎవరిదని వాడు అడగలేదు. సర్కారు కట్టిన కట్టను, సర్కారు బడి పిల్లలకు, సర్కారు జీతం తీసుకునే అయివారు చూపించడం ఆనాటి యాత్రకు లక్షణం. టికెట్టు లేదు. చూడడానికి డ్యాము తప్ప మరొకటి లేదు కాబట్టి డ్యామునే చూశారు.

హోసూరు వాళ్ళకు అంతకన్నా దగ్గర మత్తిగిరి పశువుల ఫారం. 1824లో సైన్యపు గుర్రాల కోసం మొదలై, తర్వాత ఆవులకు, ఎద్దులకు మళ్ళింది. ఇక్కడొక శంక. ఇంట్లో ఆవులు కట్టేసి ఉన్న పిల్లవాడికి మళ్ళీ ఆవులనే చూపించడం పునరుక్తి దోషం కాదా? కాదు. ఇంటి ఆవుకు పేరుంటుంది, సర్కారు ఆవుకు రిజిస్టరు ఉంటుంది. రిజిస్టరు చూడడానికే తీసుకుపోయారు.

ఆనకట్ట అన్న మాట ఉపలక్షణం. అంటే ఒకటి చెప్పి తక్కినవాటిని పట్టుకోమనడం. అందులో బెంగళూరును కూడా చేర్చుకోవాలి. హోసూరు నుంచి నలభై కిలోమీటర్లు. అత్తిబెలె చేరేసరికి మద్రాసు రాష్ట్రం అయిపోయి మైసూరు రాష్ట్రం మొదలయ్యేది. లాల్‌బాగ్‌లో 1889 నాటి గాజుమేడ, బయటి నుంచి విధానసౌధ, 1962 తర్వాత విశ్వేశ్వరయ్య పేరిట పెట్టిన యంత్రాల మ్యూజియం. ఆయన ఇంటిపేరు మోక్షగుండం తెలుగు ఊరి పేరే. ఆ ముక్క చెప్పకుండా ఏ తెలుగు అయివారూ ఆ గుమ్మం దాటి ఉండరు.

ఈ యాత్రలో మెచ్చుకోవలసింది భాష. బస్సులో తెలుగు, డ్యాము బోర్డు మీద తమిళం, లాల్‌బాగ్ తోటమాలితో కన్నడం, మ్యూజియంలో గాజు వెనక ఇంగ్లీషు. ఒక్క రోజులో నాలుగు. నాలుగింటికీ టీకాకారుడు అయివారే. ఆయన చెప్పిన అర్థం సరైనదా కాదా అని సరిచూసుకునే దారి లేదు, అందుకే ఆయన వ్యాఖ్య నిలిచిపోయింది. గేటు ఎత్తితే నీళ్ళు కావేరిపట్నం దాకా ఒక్క గుక్కలో పోతాయని అయివారు చెప్పారంటే, పోతాయి.

విశేషములు

ఈ తాతలు మరొక యాత్ర కూడా చేశారు. దానికి బస్సు అక్కరలేకపోయింది. తాత బడికి పోయేనాటికి హోసూరు సేలం జిల్లా. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా అయింది. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా అయింది. ఇల్లు కదల్లేదు, అరుగు కదల్లేదు, తాత అరుగు మీంచి లేవలేదు, మూడు జిల్లాలు తిరిగాడు. దీనివల్ల విహారయాత్రల లెక్క తారుమారైంది. మేట్టూరు డ్యాము తాతకు సొంత జిల్లా, తండ్రికి పరాయి జిల్లా. పుట్టి ఎక్కి కావేరిలో గిరగిర తిరిగే హొగెనకల్లు తాతకూ తండ్రికీ సొంతం, మనవరాలికి పరాయిది. జిల్లా దాటితే ఒక అనుమతి, రాష్ట్రం దాటితే మరో అనుమతి అని కాగితాలు పెరిగిన ఈ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. తాత ‘మన హొగెనకల్లు’ అన్నప్పుడు మనవరాలు ‘అది ధర్మపురి కదా తాతా’ అని దిద్దుతుంది. ఆ పిల్లకు భూగోళంలో మంచి మార్కులు.

నడిమి తరం

మూలం లేని చోట టీక సాగదు కాబట్టి తండ్రుల సంగతి త్వరగా ముగిస్తాను. 1970లలో హోసూరుకు సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో టీవీఎస్ 50 ఇక్కడినుంచే రోడ్డెక్కింది. అశోక్ లేలాండ్ వచ్చింది. 1984లో టాటాలు తమిళనాడు సర్కారు సంస్థ టిడ్కోతో కలిసి టైటన్ వాచీల కంపెనీ పెట్టారు. దాంతో యాత్రల దిక్కు మారింది. ఫ్యాక్టరీ అనుమతి దొరికిన బడి దొరికినట్టు పిల్లలను గేటు దగ్గర వరసలో నిలబెట్టింది. మణికట్టుకు కట్టుకునే ఇంత చిన్న వస్తువుకు ఇంత పెద్ద కట్టడమా అని నోరు తెరిచిన పిల్లల్లో కొందరు పదేళ్ళ తర్వాత అదే గేటు దగ్గర, అదే వరసలో, మెడలో కాంట్రాక్టు కార్డుతో నిలబడ్డారు. చూసివచ్చిన చోటే ఉద్యోగం దొరికిన తరం ఈ మూడింటిలో ఇదొక్కటే. వాళ్ళు మాత్రం దీన్ని గొప్పగా చెప్పుకోరు. షిఫ్టు ముగించుకుని వచ్చి నిద్రపోతారు.

మూలము (గద్యము)

‘డియర్ పేరెంట్స్, గ్రేడ్ ఫైవ్ పిల్లలకు ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ కింద ఫార్మ్ విజిట్. లింకులోని కన్సెంట్ ఫారం శుక్రవారం లోపు నింపగలరు. ఫీజు నాన్ రిఫండబుల్. ఇంటి తిండి పంపకండి. మొబైల్, నగలు వద్దు. ఫొటోలు గ్రూపులో పెడతాం.’

ప్రతిపదార్థము

డియర్ పేరెంట్స్ = ఓ ప్రియమైన తల్లిదండ్రులారా. ప్రియమనగా ఇష్టము, ప్రియమనగా ఖరీదు, ఇచట రెండును గ్రాహ్యములు; గ్రేడ్ ఫైవ్ = అయిదవ తరగతి; ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ = చూచి నేర్చుకొనుట. తాతల కాలమున దీనికి పేరు లేకుండెను, అందుచేత ఫీజును లేకుండెను; ఫార్మ్ విజిట్ = చేనికి పోవుట; లింకు = శుక్రవారము వఱకు తెఱచుకొనునదియు శనివారము తెఱచుకొననిదియు; నాన్ రిఫండబుల్ = పిల్లకు జ్వరము వచ్చినను రూకలు తిరిగి రావు; ఇంటి తిండి పంపకండి = సద్దిమూట నిషేధము; నగలు వద్దు = ఉన్నవారికి; ఫొటోలు గ్రూపులో పెడతాం = జేజికి కథ చెప్పనక్కఱలేదు.

తాత్పర్యము

తళి, డెంకణికోట పక్క ఇప్పుడు పిల్లలకు పల్లె చూపించే తోటలున్నాయి. బెంగళూరు బడుల బస్సులు వస్తాయి, హోసూరు బడుల బస్సులూ వస్తాయి. బాగలూరు రోడ్డు అపార్టుమెంటు పిల్లలు దిగుతారు. ఎద్దులబండి మీద ఒక చుట్టు. పాలు పితకడం చూడడం, ధైర్యమున్నవాళ్ళు పొదుగు తాకడం. పంపుసెట్టు తొట్టిలో తడవడం. రాగిచేను గట్టు మీద నిలబెట్టి, చేతిలో మైకు పట్టుకున్న కోఆర్డినేటరమ్మ ‘దిస్ ఈజ్ ఫింగర్ మిల్లెట్’ అంటుంది. మధ్యాహ్నం సంగటి ముద్ద. దాని పేరు ట్రెడిషనల్ లంచ్.

ఈ ఫొటోలు సెల్‌ఫోన్‌లో చూసిన హోసూరు తాత అన్న మాట ప్రమాణవాక్యంగా తీసుకోవాలి: ‘మనింట్లో ఉన్నప్పుడు ఇది చూసేదానికి ఎవురూ దుడ్లియ్యలేదే!’

ఇక్కడ వ్యాఖ్యాతలు రెండుగా చీలిపోయారు. పూర్వపక్షం వాళ్ళు ఇదంతా తమాషా అంటారు. రాగులు పండించిన ముసలాయన ఇంట్లో పడక్కుర్చీలో ఉండగా, రాగులు చూడడానికి ఆయన మనవరాలు డబ్బు కట్టి పోవడమేమిటి? వినడానికి బలంగానే ఉంది. అయితే తాతను డ్యాముకు ఎందుకు తీసుకుపోయారో మళ్ళీ చదవండి. వాడింట్లో డ్యాము లేదు. తండ్రిని ఫ్యాక్టరీకి ఎందుకు తీసుకుపోయారు? ఇంట్లో యంత్రం లేదు. మనవరాలింట్లో యంత్రాలకు లోటు లేదు, ఆవే లేదు. ఇంట లేనిదే యాత్ర అన్న సూత్రం మూడు తరాలకూ చెల్లుతుంది. బడిని తప్పుపట్టడానికి లేదు.

సూత్రం చెల్లినా ఒక తేడా మిగిలిపోయింది, అసలు పట్టుకోవలసింది దాన్నే. తాతకు చూపించింది రాబోయేదాన్ని. డ్యాము, కాలవ, వాటివెనక రాబోయే కరెంటు తీగ. తండ్రికి చూపించిందీ రాబోయేదే, మెడలో కార్డుతో సహా వచ్చింది. మనవరాలికి చూపిస్తున్నది ఇంట్లోంచి పోయినదాన్ని. ఆ ఆవు ఎప్పుడు పోయిందో తాతకు తెలుసు. చేను లేఅవుట్ అయిన ఏడాది మేపు లేక అమ్మేశారు. కపిల బావిని ఎప్పుడు పూడ్చారో తెలుసు. ఇప్పుడు బడి అదే ఆవును, అదే బావిని ప్రవేశ రుసుము పెట్టి చూపిస్తుంటే ఆయనకు నవ్వు రావడం సహజం. నవ్వు వెనక ఇంకేమైనా ఉందేమో ఫొటోలో కనిపించదు. వచ్చే తరం యాత్రాస్థలం ఏదో ఊహించాలంటే ఇప్పుడు ఇంట్లోంచి ఏది బయటికి పోతున్నదో చూడండి. ఈ వ్యాఖ్యాత అనుమానం వంటగది మీద.

పోయినవాటిలో అక్షరం కూడా ఒకటి. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి పెంచుతూ తప్పనిసరి చేసింది. తెలుగు బడులున్న ఊళ్ళలో దీని మీద కోర్టుల దాకా పోయారు, ఆ గొడవ వేరే గ్రంథం. మనకు కావలసింది దాని ఫలితం. మనవరాలు డ్యాము బోర్డు తానే చదువుతుంది, మ్యూజియంలో గాజు వెనక ఇంగ్లీషు తానే చదువుతుంది, అయివారి టీకతో పనిలేదు. చాలా ఇళ్ళలో పైన ఉన్న ఆటవెలదిని మాత్రం ఆ పిల్ల చదవలేదు. తాత చదివితే వింటుంది. తాత ఆ పిల్ల బడినుంచి వచ్చిన వాట్సాప్ గద్యాన్ని చదవలేడు. పిల్ల చదివితే వింటాడు. ఒకరికొకరు టీకాకారులైపోయారు. ఇందులో నష్టమే ఉందనలేను, ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఈ రోజుల్లో దొరకదు.

మరొక పక్షము

ఇంత వ్యాఖ్య చేశాక మనవరాలినే అడిగితే, ఫార్మ్ విజిట్ బోరు అంది. ఆ పిల్లకు కావలసింది 2005లో బిడది దగ్గర తెరిచిన వండర్‌లా. పైనుంచి కిందికి నీళ్ళలో జారడం, తలకిందులుగా తిరగడం, అరవడం. ఇది రాబోయేదీ కాదు, పోయిందీ కాదు, మన సూత్రానికి లొంగదు. పండితులు ఇలాంటి చోట అపవాదం అని రాసి తప్పుకుంటారు.

తప్పుకోనక్కరలేదు. మూలపద్యాన్ని మళ్ళీ చూడండి, ‘చూచి’ ఒక్క మాట, ‘ఆటలాడి’ ఒక్క మాట. తాతలు డ్యామును చదువు కోసం చూశారని ఇప్పుడు అరుగుల మీద చెబుతున్నారు గాని, ఆనాటి సాక్ష్యం వేరు. కట్ట మీద పరుగులు, కాలవలో తడిసిన నిక్కర్లు, సద్దిమూటల మార్పిడి, వెనక సీటు కోసం కొట్లాట. గేట్ల ఎత్తు ఎంతో ఒక్క తాతకూ గుర్తులేదు. ఎవరి మూటలో కజ్జికాయలున్నాయో అందరికీ గుర్తుంది. నీళ్ళలో జారే ఆటకు డబ్బు కట్టడమొక్కటే మనవరాలు కొత్తగా చేసిన పని.

సద్దిమూట పోవడం మాత్రం నిజంగా నష్టమే అని ఈ వ్యాఖ్యాత తీర్పు. తిండి పడక జబ్బు చేస్తే ఎవరు జవాబుదారీ అన్నది బడి వాదన, కాదనలేం. కానీ ఎవరి ఇంట్లో ఏం తింటారో పిల్లలకు తెలిసే చోటు అదొక్కటే ఉండేది. ఒకడి మూటలో సంగటి, ఊరుబిండి, ఇంకొకడి మూటలో పెరుగన్నం, మూడోవాడికి మూటే లేదు. మూట లేనివాడికి అందరూ పెట్టారు కాబట్టి వాడే ఎక్కువ తిన్నాడు. కొన్ని మూటలను కొందరు ముట్టుకోలేదన్న సంగతి కూడా ఈ పద్యంలో లేదు గాని ఆ బస్సులో ఉంది. అందరికీ ఒకే ప్లేటు, ఒకే వెజ్ పలావు వచ్చాక ఆ మర్యాదా లేదు, ఆ అవమానమూ లేదు.

సమ్మతిపత్ర విచారము

కన్సెంట్ ఫారానికి ప్రతిపదార్థం రాయకుండా దాటేశానని చదువరి గమనించే ఉంటాడు. ఆ ముక్కను హాస్యంలో పెట్టడం ఇష్టంలేక. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనుంచి వదిలిన డ్యాము నీళ్ళకు కొట్టుకుపోయారు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో బడిపిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచరమ్మలు పోయారు. పట్టాల్సినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. తాతల కాలంలో లారీ వెనక నిలబెట్టి తీసుకుపోయారు, ఏమీ కాలేదని గొప్పలు పోవడం తేలిక. ఏమీ కానివాళ్ళే గొప్పలు పోగలరు. కాబట్టి ఫారం ఉండవలసిందే. ఫారంలో తండ్రి సంతకంతో పాటు బస్సు బ్రేకుల సంగతి, పడవలో ఎక్కించే తలల లెక్క కూడా ఉండాలి. ఇప్పటి ఫారాల్లో ఎక్కువగా ఉండేది తండ్రి సంతకమే.

శంకా సమాధానములు

బడి వదిలి బయట నేర్చుకోవడం ఈ మధ్య కనిపెట్టిన విద్య అని 2020 జాతీయ విద్యావిధానం చదివినవాళ్ళు అనుకుంటారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా వచ్చి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గర పని చూడాలని అందులో ఉంది. తమిళనాడు సర్కారు ఆ విధానాన్ని ఒప్పుకోలేదు, హోసూరు సీబీఎస్‌ఈ బడులు అమలు చేస్తాయి. సంచి లేని రోజుకు వాటర్ బాటిలు, టోపీ, నోట్‌బుక్కు, హ్యాండ్ శానిటైజరు తెచ్చుకోవాలి. వాటిని పెట్టుకోవడానికి సంచి తెచ్చుకోవచ్చు.

ఇంతకన్నా పెద్ద ఆలోచన హోసూరు మనిషికే వచ్చింది. హోసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా పిల్లలకు బడి సగం పూట చాలన్నాడు, మిగతా సగం పూట ఇంటి వృత్తి నేర్చుకోమన్నాడు. మంగలి బిడ్డ మంగలి పని, చాకలి బిడ్డ చాకలి పని. కులవిద్య అని రాష్ట్రం భగ్గుమంది, 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజు వచ్చి ఆ పథకాన్ని తీసేశాడు. ఆ తర్వాత ఆయన హయాంలోనే మధ్యాహ్న భోజనం వచ్చింది, మన పద్యంలోని డ్యామూ వచ్చింది. విహారయాత్రకూ సగంపూట పథకానికీ తేడా ఒక్కచోట ఉంది. విహారయాత్రలో మంగలి బిడ్డను డ్యాముకు తీసుకుపోతారు, సగంపూట పథకంలో మంగలి బిడ్డను మంగలి అంగడికే పంపుతారు. ఇంట ఉన్నదానికే తిరిగి పంపితే అది యాత్ర కాదు. మన సూత్రం ఇక్కడ అక్కరకొచ్చింది.

పొలం గట్టున చదువు ఎలా ఉంటుందో చూపించినవాడు ఇంకొకడున్నాడు. రాయలసీమలో పిల్లలకు పేరు పెట్టుకునేంత పేరు సంపాదించిన థామస్ మన్రో, దత్తమండలాలకు రాకముందు, 1792 నుంచి ఏడేళ్ళు ఈ కృష్ణగిరి, ధర్మపురి పక్కనే ఉన్నాడు. టిప్పు నుంచి కుంఫిణీకి వచ్చిన బారామహల్లో రైతు వెంట చేను చేను తిరిగి కొలతలు, శిస్తులు నేర్చుకున్నాడు. శిస్తు కోసమే తిరిగాడనుకోండి. అయినా తిరిగాడు.

వదిలిన స్థలములు

ఏ మూలంలోనూ లేని కొన్ని చోట్లు చెప్పి ముగిస్తాను.

కృష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రం గుట్ట మీద రాతిపలకలు నిలబెట్టి పైన పలక కప్పిన బృహత్‌శిలాయుగపు గూళ్ళు వందల్లో ఉన్నాయి. ఇలాంటివాటిని మనవాళ్ళు పాండవుల ఇళ్ళంటారు. పిల్లలెక్కడానికి కష్టం కాదు, కొన్నిటిలో దూరవచ్చు కూడా, ఆ సంగతి పిల్లలకు ముందుగా చెప్పకపోవడం మంచిది. ఇదే జిల్లా మయిలాడుంపారైలో తవ్వితే దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని తేలినట్టు 2022 మేలో తమిళనాడు ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పారు. ఫ్యాక్టరీలో పనిచేసే హోసూరు తండ్రికి తన జిల్లా నాలుగు వేల ఏళ్ళ కిందటే ఇనుము వాడిందని చెప్పిన విహారయాత్ర ఇంకా బయల్దేరలేదు. జిల్లా పొలాల్లో వీరగల్లులు ఎన్నో. ఆవుల మంద కోసం పోరాడి చచ్చినవాళ్ళ రాళ్ళు వాటిలో ఉన్నాయి, కృష్ణగిరి మ్యూజియంలో కొన్నింటిని దగ్గరగా చూడవచ్చు. ఆవును చూడడానికి డబ్బు కట్టే బడులు ఆవు కోసం ప్రాణం కట్టినవాడిని కూడా ఒకసారి చూపించవచ్చు. తొరపల్లిలో రాజాజీ పుట్టిన ఇల్లు స్మారకంగా ఉంది. అక్కడ నిలబడి కులవిద్య గొడవ చెప్పగలిగిన అయివారుంటే ఆ రోజుకు అంతకన్నా మంచి పాఠం లేదు.

చివరిది కెలవరపల్లి. తాత పద్యంలోని నదే, కృష్ణగిరికి చేరకముందు హోసూరు దగ్గర ఆగే చోటు. బెంగళూరు మురికి, ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి వానలప్పుడు డ్యాము కింద తెల్లటి నురగ కొండలా లేస్తుంది, గాలికి రోడ్డెక్కుతుంది. టీవీల్లో ఏటా చూపిస్తారు. విహారయాత్ర మాత్రం వేయరు. ఇది మనది అని డ్యాము దగ్గర తాతకు చెప్పారు గదా, ఇదీ మనదే అని మనవరాలికి చూపించాలి. ఇంట లేనిదే యాత్ర అన్న సూత్రం ప్రకారం కూడా చెల్లుతుంది, నురగ వచ్చిన నీళ్ళు హోసూరు అపార్టుమెంటు కుళాయిలో కనిపించవు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను విన్న పిల్లలకు కిటికీ సీటు, చదివిన తల్లిదండ్రులకు లింకు మొదటి నొక్కుకే తెరుచుకొనుట, రాసినవాడికి గిట్టనివాళ్ళు పెరుగుట ఫలము.

హెడ్మాస్టర్లకు విన్నపం. వచ్చే ఏడు జాబితాలో ఫార్మ్ విజిట్ ఉంచండి, వండర్‌లా ఉంచండి, వాటితో పాటు మల్లచంద్రం, కెలవరపల్లి చేర్చండి. బస్సులో ఒక సీటు తాతలకో అవ్వలకో వదలండి. ఆ ఆవు ఎందుకు అమ్మారో, ఆ నది ఎలా ఉండేదో మైకు అక్కరలేకుండా చెబుతారు. కన్సెంట్ ఫారం వాళ్ళకూ ఇవ్వండి. సంతకం తెలుగులో పెడతారు, చెల్లుతుందో లేదో ముందే ఆఫీసులో అడిగి ఉంచండి.